వృద్ధులలో తల తిరుగుడు - అవగాహన, సంరక్షణ

మన ఇళ్ళలో పెద్దవారి నోట తరచుగా వినవచ్చే మాటలలో "తల తిరుగుతున్నది" అన్నది ఒకటి. దానికి వినేవారు ఇచ్చే సమాధానం కూడా సాధారణంగా ఒకటే: "వయసు మీద పడింది కదా!" ఆ సమాధానంతో సంభాషణ ముగిసిపోతుంది. పెద్దవారు మళ్ళీ ఆ మాట ఎత్తరు. కొన్నాళ్ళకు స్నానాల గదిలోనో, పెరటి మెట్ల మీదనో, పొలం గట్టు మీదనో పడిపోయారన్న వార్త వస్తుంది. తుంటి ఎముక విరిగిన తరువాత, ఆమె ముందే చెప్పినదన్న సంగతి ఇంటిల్లిపాదికీ జ్ఞాపకం వస్తుంది.

తల తిరుగుడు ఒక వ్యాధి కాదు. అనేక వ్యాధులలోను, కొన్ని మందుల వలనను, కొన్ని అలవాట్ల వలనను కనిపించే ఒక లక్షణం. వయసు పెరగడం ఆ లక్షణానికి అనువైన నేలను సిద్ధం చేస్తుందే గాని, వయసే కారణమని చెప్పి ఊరుకోవడానికి వీలు లేదు. కారణాలలో చాలావాటిని గుర్తించవచ్చును. గుర్తించినవాటిలో చాలావాటిని సరిదిద్దవచ్చును. ఆ గుర్తింపునకు కావలసిన మొదటి సాధనం యంత్రం కాదు, ఓపికగా వేసే ప్రశ్న. ఆ ప్రశ్న వేయగలవారు ఇంటిలో చదువుకొన్న పిల్లలు. విద్యార్థులకు ఈ విషయాన్ని పాఠంగా చెప్పదలచడానికి కారణం ఇదే.

మేము వైద్యులం కాము, తెలుగు బోధించేవారం. అయినా ఈ విషయంలో రోగి శరీరాన్ని పరీక్షించడానికి ముందు రోగి మాటను అర్థం చేసుకోవలసి ఉన్నది. కనుక భాషతోనే ప్రారంభిస్తున్నాము. చికిత్స నిర్ణయించవలసినది మాత్రం వైద్యుడేనని ముందుగా మనవి.

మన పల్లెలు, మన పెద్దలు

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అరవై ఏళ్ళు నిండినవారు 8.6 శాతం, అంటే దాదాపు 10.4 కోట్లమంది. మన రాష్ట్రంలో వారి పాలు జాతీయ సగటు కంటే ఎక్కువ. 2022లో బాపట్ల జిల్లాలో చేరిన మన చుండూరు పరిసర గ్రామాలలో ఏ వీధిలో నడచినా ఈ సంగతి కంటికి కనిపిస్తుంది. చదువుకొన్న పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విదేశాలలోనో ఉన్నారు. ఇంటిని, పొలాన్ని, పశువులను కనిపెట్టుకొని ఉన్నవారు తల్లిదండ్రులు, తాతలు. వారిలో ఒకరు పడిపోతే లేవనెత్తడానికి పొరుగువారు రావలసిందే.

పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పేర్కొన్నది. ఆ ప్రాణాంతకమైన పడిపోవడాలు అరవై ఏళ్ళు దాటినవారిలోనే అత్యధికం. ఎముక విరగనివారిని కూడా భయం వదలదు. మళ్ళీ పడిపోతామేమో అని నడక తగ్గిస్తారు. నడక తగ్గినకొద్దీ కాళ్ళ కండరాలు క్షీణిస్తాయి. కండరాలు క్షీణించినకొద్దీ తూలడం ఎక్కువవుతుంది. ఈ విషవలయాన్ని మొదటి దశలోనే తెంచడం అవసరం.

మాటలలోని భేదాలు

తెలుగులో ఈ అనుభవాన్ని చెప్పడానికి ఎన్ని మాటలున్నవో గమనించండి. తల తిరగడం, కళ్ళు తిరగడం, కళ్ళు చీకట్లు కమ్మడం, తల దిమ్ముగా ఉండడం, తూలడం, సొమ్మసిల్లడం, శోష రావడం. ఇవన్నీ ఒకే అనుభవానికి పర్యాయపదాలు కావు. చుట్టూ ఉన్న గోడలు, దూలాలు గిర్రున తిరుగుతున్నట్లు అనిపించడం ఒకటి. ఎదుట నల్లని తెర పడి, ఇక పడిపోతామన్న స్థితి మరొకటి. తలలో ఏమీ లేకుండానే కాలు నిలదొక్కుకోలేకపోవడం ఇంకొకటి. ఇవేవీ కాక తల తేలికగానో బరువుగానో తోచడం నాలుగవది.

ప్రాచీన వైద్యులు ఈ భేదాన్ని గుర్తించారు. మాధవ నిదానంలో మూర్ఛ, భ్రమ అనేవి వేరువేరు పేర్లతో కనిపిస్తాయి. యునానీ వైద్యంలో వస్తువులు తిరుగుతున్నట్లు తోచడాన్ని 'దువార్' అనీ, లేచి నిలబడేసరికి కళ్ళు చీకట్లు కమ్మడాన్ని 'సదర్' అనీ వ్యవహరించారు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో ఈ రెండింటినీ చర్చించాడు. మన ఉర్దూ కుటుంబాలలో ఈనాడు రెండింటికీ కలిపి 'చక్కర్' అన్న ఒక్క మాటే మిగిలింది. తెలుగు ఇళ్ళలో కూడా అన్నింటికీ కలిపి 'తల తిరుగుడు' అనేస్తున్నాము. మాటలు ఉన్నా వాడుకలో వాటి ఎల్లలు చెరిగిపోయినవి.

1972లో అమెరికాకు చెందిన డ్రాక్‌మన్, హార్ట్ అనే వైద్యులు ఈ లక్షణాన్ని పైన చెప్పిన విధంగానే నాలుగు తరగతులుగా విభజించారు. చాలాకాలం వైద్య విద్యార్థులు ఆ విభజననే అభ్యసించారు. అయితే తరువాతి పరిశోధనలు ఒక ముఖ్యమైన సంగతిని బయటపెట్టాయి. ఒకే రోగి కొద్ది నిమిషాల తేడాతో తన అనుభవాన్ని వేరువేరు మాటలతో వర్ణిస్తాడు. కాని ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉన్నది, ఏమి చేస్తుండగా వచ్చింది అని అడిగితే మాత్రం అంతగా తడబడడు. అందుచేత 'ఎట్లా ఉన్నది?' అన్న ప్రశ్నతో ఆగకుండా ఈ మూడు ప్రశ్నలు కూడా వేయాలి. భాషాభిమానులమైన మాకు ఇది కొంత చిన్నతనంగా తోచినా, సత్యమని అంగీకరించక తప్పదు.

శరీరం నిలకడను కాపాడుకొనే విధం

నిటారుగా నిలబడడం మనకు సహజంగా తోస్తుంది గాని, దాని వెనుక మూడు ఇంద్రియాల నిరంతర సహకారం ఉన్నది. కన్ను చుట్టూ ఉన్న ప్రదేశాన్ని చూపుతుంది. లోపలి చెవి తల ఏ వైపు కదిలిందో తెలుపుతుంది. అరికాళ్ళు, కీళ్ళు నేల స్థితిని తెలుపుతాయి. ఈ మూడు కబుర్లనూ మెదడు సరిపోల్చుకొని కండరాలకు ఆజ్ఞలిస్తుంది. ఈ పని సాగడానికి మెదడుకు రక్తం ఎడతెగక అందుతూ ఉండాలి.

లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉన్నవి. వాటిలోని ద్రవం తలతోపాటు కదులుతుంది. వాటి చెంతనే కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. తల తిరుగుడుకు చెవి కూడా మూలం కావచ్చునని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ చెప్పేవరకు, మెదడులో రక్తం ఎక్కువ కావడమే కారణమని తలచి రోగుల రక్తం తీసివేసేవారు. ఈ అవయవాన్ని గురించి చేసిన పరిశోధనకే రాబర్ట్ బరానీకి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

వార్ధక్యంలో కంటికి శుక్లం వస్తుంది. చెవిలోని కణాలు తగ్గుతాయి. మధుమేహం వలన అరికాళ్ళు మొద్దుబారుతాయి. మూడింటిలో ఒకటి తగ్గితే మిగిలిన రెండూ ఆదుకొంటాయి. రెండు తగ్గితే మూడవదాని మీద భారమంతా పడుతుంది. పగటివేళ చక్కగా నడిచే పెద్దాయన రాత్రి దీపం ఆరగానే తూలడానికి కారణం ఇదే. అప్పటిదాకా ఆయన కాళ్ళతో కన్నా కళ్ళతో ఎక్కువ నడుస్తున్నాడన్నమాట.

ప్రశ్నలు, వాటి సమాధానాలు

"నాయనమ్మా, మంచం మీద పక్కకు ఒత్తిగిల్లినప్పుడు తిరుగుతున్నదా?" అవును అంటే, అటక మీదికి చూసినప్పుడు, వంగినప్పుడు కూడా అట్లాగే ఉన్నదా అని అడగాలి. గిర్రున తిరిగి ఒక నిమిషంలోపల ఆగిపోతుంటే, పైన చెప్పిన స్ఫటికాలు తమ స్థానం తప్పి కుల్యలోనికి జారి ఉండవచ్చును. వృద్ధులలో ఇది చాలా సాధారణం. చూడడానికి భయంకరంగా ఉన్నా ప్రాణాపాయం కలిగించేది కాదు. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే వైద్యులు దీనిని కనుగొనే పరీక్షను వివరించారు. రోగిని కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు తిప్పి, వెనుకకు పడుకోబెట్టి కళ్ళను గమనించడమే ఆ పరీక్ష. 1992లో అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ, తలను వరుసగా కొన్ని భంగిమలలో తిప్పి స్ఫటికాలను స్వస్థానానికి చేర్చే పద్ధతిని ప్రకటించాడు. ఎక్కువమందికి ఒకటి రెండు పర్యాయాలలోనే గుణం కనిపిస్తుంది. దీనికి మాత్రలు ప్రధాన చికిత్స కావు. చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్ద చేయించుకోవడం మంచిది.

"తాతయ్యా, లేచి నిలుచున్నప్పుడా?" మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోనికి, ఉదరంలోనికి దిగుతుంది. యౌవనంలో రక్తనాళాలు వెంటనే ముడుచుకొని దానిని సర్దుకొంటాయి. వార్ధక్యంలో ఆ సర్దుబాటు మందగిస్తుంది. నిలుచున్న మూడు నిమిషాలలోపల రక్తపు పోటు పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గితే వైద్యులు దానిని దోషంగా పరిగణిస్తారు. దీనిని కనిపెట్టడం సులభం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మరి రెండు పర్యాయాలు పోటు చూడాలి. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి "బి.పి. బాగానే ఉన్నది" అని పంపివేస్తే ఈ దోషం దొరకదు.

"నడిచేటప్పుడు మాత్రమే తూలుతున్నదా?" అయితే తల కంటే కాళ్ళను, కళ్ళను పరీక్షించాలి. శుక్లం, అరికాళ్ళ మొద్దుబారుడు, మోకాళ్ళ నొప్పులు, కండరాల బలహీనత, బి12 విటమిను లోపం ఇందుకు కారణాలు కావచ్చును. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో ఈ విటమిను తగ్గే అవకాశం ఉన్నది.

చెవిలో హోరు, వినికిడి తగ్గుదలతో గంటల తరబడి తల తిరుగుతుంటే అది మెనియేర్ పేరు గల వ్యాధి కావచ్చును. నడుస్తుండగానో కూర్చుని ఉండగానో ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పితే గుండె లయను పరీక్షింపజేయాలి. ఆయాసంతోపాటు తల తేలిపోతుంటే రక్తహీనత ఉన్నదేమో చూడాలి.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. తల తిరుగుతున్నదనగానే మెడ ఎముకల అరుగుదల అని నిర్ణయించి, మెడకు పట్టీ వేయించడం పరిపాటి అయినది. అరవై దాటినవారి మెడను ఎక్స్‌రే తీస్తే దాదాపు ప్రతివారిలోను ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. అది కనిపించినంత మాత్రాన తల తిరుగుడుకు అదే కారణమని రుజువు కాదు. అసలు కారణాన్ని వెదకడం అక్కడితో ఆగిపోతే రోగికి నష్టం.

మందులే కారణమైనప్పుడు

వృద్ధులలో తల తిరుగుడుకు ముఖ్య కారణాలలో మందులు ఒకటి. రక్తపు పోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ప్రోస్టేటు గ్రంథికి వాడే టాంసులోసిన్ వంటివి నిలబడినప్పుడు పోటును తగ్గించగలవు. నిద్రకు వాడే ఆల్‌ప్రజోలాం వంటివి, జలుబుకు వాడే కొన్ని మాత్రలు మత్తునూ తూలుడునూ కలిగిస్తాయి. జెంటమైసిన్, స్ట్రెప్టోమైసిన్ సూదిమందులు లోపలి చెవిని దెబ్బతీయగలవు. మధుమేహానికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడి భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర 70 కంటే తగ్గి చెమటలు, వణుకు, తల తిరుగుడు వస్తాయి. స్పృహలో ఉన్నవారికి వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు.

మరొక విచిత్రం ఏమంటే, తల తిరుగుడు తగ్గించడానికి వాడే మందులే కొన్నాళ్ళకు చిక్కు తెచ్చిపెట్టవచ్చును. స్టెమెటిల్ అనే పేరుతో అమ్మే ప్రోక్లోర్‌పెరజిన్ గాని, సిన్నరిజిన్ గాని రెండు మూడు రోజులు వాంతులతో బాధపడేవారికి ఉపశమనం ఇస్తాయి. చీటీ లేకుండా అంగడిలో కొని నెలల తరబడి మింగితే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వంటి పార్కిన్‌సన్ లక్షణాలు కలగవచ్చును. అంతేకాక, చెవి దెబ్బతిన్నప్పుడు మెదడు క్రమంగా నేర్చుకొనే సర్దుబాటును ఇవి ఆలస్యం చేస్తాయి.

నీరసమనగానే సెలైను సీసా ఎక్కించుకొనే అలవాటు కూడా మన పల్లెలలో ప్రబలింది. అర లీటరు సెలైనులో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగిలినది నీరు. విరేచనాలతో నీరు కోల్పోయినవారికి అది ప్రాణదానం చేస్తుంది. గుండె బలహీనమైన వృద్ధునికి అదే అపకారం చేయవచ్చును.

అట్లని వాడుతున్న మందులను సొంతంగా మానరాదు. హఠాత్తుగా మానితే పోటు పెరిగి పక్షవాతం రావచ్చును. చేయవలసినది ఒకటే. ఇంటిలోని మందులన్నీ, ఎవరు వ్రాసినవైనా సరే, ఒక సంచిలో వేసుకొని ఒకే వైద్యునికి చూపించాలి. ఏది ఎప్పుడు మొదలుపెట్టారో, తల తిరుగుడు ఎప్పుడు మొదలైనదో ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. ఆ కాగితం వ్రాయడం విద్యార్థి పని.

ఆలస్యం చేయరాని సూచనలు

తల తిరుగుడుతోపాటు మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం, మునుపెన్నడూ ఎరుగని తీవ్రమైన తలనొప్పి - వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా మెదడు రక్తనాళానికి సంబంధించిన ప్రమాదం కావచ్చును. గుండె నొప్పి, స్పృహ తప్పడం, నల్లని విరేచనం కూడా అపాయ సూచనలే. అటువంటప్పుడు నిమ్మరసం, విభూతి, తాయెత్తు అంటూ కాలయాపన చేయరాదు. రక్తపు గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపలనే ఇవ్వవలసి ఉన్నది. అన్ని ఆసుపత్రులలో ఆ సౌకర్యం ఉండదు. 2005 నుండి మన రాష్ట్రంలో నడుస్తున్న 108 వాహనాన్ని వెంటనే పిలిచి, లక్షణం మొదలైన సమయాన్ని స్పష్టంగా చెప్పాలి.

ఇంటిలో పాటించవలసిన జాగ్రత్తలు

నిద్ర లేవగానే మంచం దిగరాదు. కాసేపు కూర్చుని, పాదాలను పైకి క్రిందికి ఆడించి, ఆ పిమ్మట ఏదైనా పట్టుకొని నిలబడాలి. రాత్రి మూత్రానికి లేచేవారి కోసం మంచం నుండి మరుగుదొడ్డి వరకు చిన్న దీపం వెలుగుతూ ఉండాలి. స్నానాల గదిలో నున్నని బండలమీద నీరు నిలువరాదు. గోడకు ఒక ఇనుప పట్టుకొమ్ము బిగించడానికి పెద్ద ఖర్చు కాదు. వదులైన చెప్పులు, గచ్చు మీద ముడుతలు పడే చాపలు, గడపల దగ్గర అడ్డంగా ఉండే తీగలు తొలగించాలి. చేతికర్ర పట్టడం అవమానం కాదని పిల్లలే నచ్చజెప్పాలి.

వేసవిలో మరింత జాగ్రత్త అవసరం. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించారు. వృద్ధులకు దాహం సరిగా తెలియదు. దాహం వేసేవరకు ఆగక మజ్జిగ, నీరు తరచుగా ఇస్తూ ఉండాలి. గుండె, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది వైద్యుడే చెప్పాలి.

ఆరాధనలలో కూడా ఈ విషయాన్ని గమనించాలి. నమాజులో రుకూ నుండి, సజ్దా నుండి లేచే సమయంలో తల తిరిగేవారు కూర్చుని నమాజు చేయవచ్చునని ధర్మమే సౌలభ్యం ఇచ్చింది. రోగులకు ఉపవాసం నుండి మినహాయింపు కూడా ఉన్నది. మధుమేహపు మందులు వాడేవారు రంజాను మాసానికి ముందే వైద్యుని సంప్రదించాలి. ఏకాదశి ఉపవాసాలు, గుడి ప్రదక్షిణలు చేసే హిందూ సోదరుల ఇళ్ళలోని పెద్దలకు కూడా ఈ సలహాయే వర్తిస్తుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది వ్యాయామం. తల తిరుగుతున్నదని పెద్దవారిని మంచానికి అంటగట్టరాదు. బరువైన కుర్చీ వెనుక భాగాన్ని పట్టుకొని మునివేళ్ళ మీద లేవడం, కుర్చీలో నుండి లేచి మళ్ళీ కూర్చోవడం, గోడ పక్కన మెల్లగా నడవడం వంటివి ఎవరైనా దగ్గర ఉండగా రోజూ చేయిస్తే కాళ్ళకు బలం, మనసుకు ధైర్యం కలుగుతాయి.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

కళాశాలలలో 1969 నుండి జాతీయ సేవా పథకం నడుస్తున్నది. ఆ పథకం కింద గ్రామాలలో శిబిరాలు జరిపేటప్పుడు రహదారులు శుభ్రం చేయడంతోపాటు, వైద్యుని పర్యవేక్షణలో వృద్ధులకు పడుకోబెట్టి, నిలబెట్టి రక్తపు పోటు చూసే ఏర్పాటు చేస్తే ఎంతో ఉపయోగం. దానికి కావలసినవి ఒక పోటు యంత్రం, ఒక మంచం, ఒక గడియారం. ఈ సూచనను కమిటీ పెద్దలు ఆలోచించవలసినదిగా కోరుచున్నాము.

విద్యార్థులు అంతవరకు వేచి ఉండనక్కరలేదు. ఈ సాయంత్రమే ఇంటిలోని నాయనమ్మ దగ్గరనో, దాదీమా దగ్గరనో కూర్చుని ఎప్పుడు, ఎంతసేపు, ఏమి చేస్తుండగా అని అడగండి. చెప్పినది వ్రాసుకోండి. ఆమె ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచుకొన్నది ఏదైనా ఉంటే అప్పుడు బయటికి వస్తుంది. ఆ కాగితాన్ని తీసుకొని ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.